ఫ్రిజ్‌లో నీళ్ళు... బిల్లులో కన్నీళ్ళు!

స్విట్జర్లాండ్ మంచులో హీరో హీరోయిన్లు డ్యూయెట్ పాడుతుంటే మనం ఈలలేస్తాం. మరి వాళ్ళకి దాహమేస్తే? జ్యూరిచ్‌లో బెంగలేదు. కుళాయి నీళ్ళు భేషుగ్గా తాగొచ్చు. వీధుల్లో 1,200కి పైగా ఫౌంటెన్లున్నాయి. ‘తాగరాదు’ అన్న బోర్డు లేకపోతే సీసా పట్టెయ్యండి. పైసా ఖర్చు లేదు!

బాలిలో మాత్రం ఆ సాహసం వద్దు. కుళాయి నీళ్ళతో నోరు పుక్కిలించినా కడుపు తిరగబడొచ్చు. అది తెలిసే నేను హోటల్ గది ఫ్రిజ్‌లోని సీసా తీసి గటగటా తాగేశాను. బిల్లు చూశాక మళ్ళీ గొంతు ఎండిపోయింది! ఉచితంగా ఇచ్చిన రెండు సీసాలూ టేబుల్ మీదే ఉన్నాయి మరి.

అందుకే మిత్రులారా, గదిలో దిగగానే అడగండి... కుళాయి నీళ్ళు తాగొచ్చా? ఏ సీసా ఉచితం? మొహమాటపడ్డారో, పొట్టకో పర్సుకో ‘శుభం’ కార్డే!