అవి గడ్డలు కావు

డిగ్రీ సెకండియర్ అమ్మాయి ఒకామె నెల రోజులుగా మాస్క్ పెట్టుకునే క్లాసుకొస్తోంది. "కరోనా ఎప్పుడో పోయింది కదమ్మా" అని నవ్వుతూ అన్నాను. క్లాసయ్యాక స్టాఫ్ రూముకొచ్చి మాస్క్ కిందికి లాగింది. గడ్డం మీద వెంట్రుకలు. నా నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తోంది. (తనని అడిగే రాస్తున్నాను.)

నాలుగు నెలలుగా నెలసరి లేదట. హాస్టల్లో ఎవరికీ చెప్పలేదు. ఎస్సీ హాస్టల్ పిల్లకి నెల తప్పిందంటే లోకం మొదట ఏమనుకుంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఊళ్లో ఆర్ఎంపీ స్కానింగ్‌కి పంపితే "అండాశయంలో గడ్డలు" అన్నారు. వాళ్లమ్మ ఒకటే ఏడుపు. ఆమెకీ అలాగే గడ్డలన్నారు, క్యాన్సరవుద్దన్నారు, ముప్పై రెండేళ్లకే గర్భసంచి తీసేశారు.

పీసీఓఎస్‌లో స్కాన్‌లో కనిపించేవి గడ్డలు కావు. ఎదుగుతూ మధ్యలో ఆగిపోయిన అండపు సంచులు. కోసి తీసేయాల్సినవి కావు. అవి కనిపించినంత మాత్రాన జబ్బున్నట్టూ కాదు. నెలసరి క్రమం తప్పడం, మగ హార్మోన్లు పెరగడం, స్కాన్‌లో ఈ సంచులు, ఈ మూడింట్లో రెండైనా ఉండాలని 2003లో రాటర్‌డామ్‌లో డాక్టర్లు ఒక మాటకొచ్చారు. థైరాయిడ్ లాంటి వేరే కారణాలు లేవని కూడా తేల్చుకోవాలి. ఈ సమస్య ఉన్నవాళ్లలో పదిమందిలో ఏడుగురి దాకా ఉందని తెలియకుండానే బతుకుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. అయినా మనవాళ్లు దీన్ని సిటీ అమ్మాయిల జబ్బంటారు!

డాక్టర్లు చెప్పేది ఒకటే. అన్నం తగ్గించు, వాకింగ్ చెయ్. హాస్టల్లో అన్నం, నీళ్లచారు తప్ప ఏముంది తగ్గించడానికి? సాయంత్రం ఆరుకే గేటు మూస్తే నడక ఎక్కడ?

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశం మొత్తంలో 3.2 శాతం. తెలంగాణలో 7.7, ఆంధ్రలో 8.9. అనవసరంగా చేస్తున్న ఈ ఆపరేషన్ల మీద 2023లో సుప్రీంకోర్టు తీర్పే ఇవ్వాల్సొచ్చింది.

అత్యాచారం జరిగినప్పుడే మన సభలకు దళిత స్త్రీ దేహం గుర్తొస్తుంది. నెలసరి ఆగిన దేహం మీద ఒక్క కరపత్రం వేశామా? నేను పీహెచ్‌డీలో స్త్రీ దేహం మీద ఒక అధ్యాయమే రాశాను. అందులో హార్మోన్ అన్న మాటే లేదు. మెస్ ఛార్జీల కోసం ధర్నా చేసే విద్యార్థి సంఘాలు నెలకొకసారి హాస్టల్‌కి లేడీ డాక్టర్ రావాలనీ, షుగర్, థైరాయిడ్ పరీక్షలు అక్కడే చేయాలనీ డిమాండ్‌లో చేర్చాలి. ఈ విద్యా సంవత్సరంలోనే.

సోమవారం ఆ అమ్మాయిని పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నాను. వాళ్లమ్మ కూడా వస్తానంది, తన పాత ఆపరేషన్ కాయితాలు పట్టుకుని.