యుద్ధ విమానాల ఆట: నేర్పేదెంత? దాచేదెంత?

కంప్యూటరు తెర ముందు కూర్చుని, చేతిలో జాయ్‌స్టిక్ పట్టుకుని, యుద్ధ విమానం నడుపుతున్న పిల్లవాణ్ణి చూస్తే పెద్దలకు కలిగే తొలి ఆలోచన ఒక్కటే: 'ఇది కూడా కాల్పుల ఆటే కదా!' ఈ అభిప్రాయంలో కొంత నిజముంది, కానీ పూర్తి నిజం లేదు. 'కాంబాట్ ఫ్లైట్ సిమ్యులేటర్' అని పిలిచే ఈ ఆటల వెనుక అపారమైన చదువు, ఓర్పు, శ్రమ ఉన్నాయి. అలాగే జాగ్రత్తగా చూడకపోతే కంటికి కనిపించని ఒక పెద్ద లోటు కూడా ఉంది. ఇంట్లో పిల్లలకు ఈ అభిరుచి ఉన్నా, రేపు కలిగే అవకాశమున్నా, తల్లిదండ్రులు ఈ రెండు పార్శ్వాలనూ తెలుసుకోవడం అవసరం.

అసలు సిమ్యులేటర్ పుట్టింది ప్రాణాలు తీయడానికి కాదు, కాపాడడానికి. అమెరికాకు చెందిన ఎడ్విన్ లింక్ ఆర్గాన్ వాద్యాలు తయారుచేసే కుటుంబంలోని వాడు. వాద్యంలోకి గాలిని పంపే తిత్తులనే ఉపయోగించి, నేలమీదనే అటూ ఇటూ ఒరిగే ఒక నమూనా విమానాన్ని 1929లో ఆయన రూపొందించాడు. మొదట్లో దానిని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1934లో టపా చేరవేసే బాధ్యతను అమెరికా సైనిక పైలట్లకు అప్పగించారు. మబ్బుల్లో, మంచులో పరికరాలను మాత్రమే నమ్ముకుని ఎగిరే శిక్షణ చాలని ఆ పైలట్లలో పలువురు కొద్ది వారాల్లోనే మరణించారు. అప్పుడుగాని సైన్యం లింక్ యంత్రాలను కొనలేదు. తప్పు చేసినా ప్రాణం పోని చోట తప్పులు చేసి నేర్చుకోవడం అన్నదే ఈ విద్యకు మూలసూత్రం.

ఆ తర్వాత సుమారు యాభై ఏళ్లకు, బ్రూస్ ఆర్ట్‌విక్ అనే ఇంజినీరు ఆపిల్-2 కంప్యూటరు మీద తొలి ఫ్లైట్ సిమ్యులేటర్‌ను ఇళ్లలోకి తెచ్చాడు. 1998లో 'ఫాల్కన్ 4.0', 2001లో 'ఐఎల్-2 స్టుర్మోవిక్', ఆపై 'డీసీఎస్ వరల్డ్' వంటివి వచ్చాయి. వీటిలో కొన్ని ఆటకూ శిక్షణకూ మధ్య ఉన్న గీతను దాదాపు చెరిపివేశాయి. డీసీఎస్‌లోని ఏ-10సీ విమానం అమెరికా ఎయిర్ నేషనల్ గార్డ్ కోసం తయారుచేసిన శిక్షణ సాఫ్ట్‌వేర్ నుంచే రూపుదిద్దుకున్నది.

మామూలు వీడియో ఆటలో ఒక మీట నొక్కితే విమానం లేస్తుంది. ఇక్కడ అలా కుదరదు. బ్యాటరీ, ఇంధన పంపు, ఇంజను, దిక్సూచి వ్యవస్థ ఒక క్రమంలో మేల్కొనాలి. క్రమం తప్పితే విమానం కదలదు. ముక్కును అతిగా పైకెత్తితే రెక్కలు గాలిపై పట్టు కోల్పోతాయి, విమానం రాయిలా జారుతుంది. వందల పుటల మార్గదర్శిని చదవకుండా ఇందులో ముందుకు సాగడం కష్టం. పాఠ్యపుస్తకం తెరవడానికి బద్ధకించే పిల్లవాడు ఇలాంటి గ్రంథాన్ని ఇష్టంగా చదవడం పెద్దలు గమనించవలసిన సంగతి.

అయితే ఈ అభిరుచిలో అసలు సారం ఆడటంలో లేదు, 'మాడింగ్'లో ఉంది. ఆట తయారీదారులు ఇచ్చినదానికి ఆడేవారే కొత్త విమానాలు, కొత్త రంగులు, కొత్త ప్రదేశాలు, కొత్త ధ్వనులు చేర్చడాన్ని మాడింగ్ అంటారు. ఇందులో తొలి మెట్టు 'స్కిన్', అంటే విమానం పైపూత. దర్జీ తన బల్లపై చొక్కా ముక్కలను పరచినట్లుగా, విమానం రెక్కలు, మొండెం, తోక అన్నీ ఒక చదునైన చిత్రంలో విడివిడిగా పరచి ఉంటాయి. పాత ఐఎల్-2లో ఆ చిత్రం కొలత 1024 చుక్కల చతురస్రం, రంగులు 256 మాత్రమే. ఆ పరిమితిలోనే మాడర్లు ఒక్కొక్క రివెట్టును, నూనె కారిన మరకను, ఎండకు వెలిసిన రంగును గీసేవారు. ఫలానా ఏడాది, ఫలానా దళంలో, ఫలానా పైలట్ నడిపిన విమానంపై ఏ అక్షరాలు ఉండేవో తెలుసుకోవడానికి పాత ఛాయాచిత్రాలు, దళాల చరిత్రలు వెదికేవారు. ఒక్క అక్షరం తప్పినా తోటివారు ఊరుకోరు.

చివరి మెట్టు 'ఫ్లైట్ మోడల్'. ఏ ఎత్తులో ఇంజను ఎంత బలమిస్తుంది, ఏ వేగంలో గాలి ఎంత అడ్డుకుంటుంది, ఇంధనం తరిగేకొద్దీ బరువు ఎటు మొగ్గుతుంది అనేవన్నీ అంకెల్లోకి మార్చాలి. డీసీఎస్ కోసం ఔత్సాహికులు కలిసి ఏ-4 స్కైహాక్ విమానాన్ని ఇలాగే నిర్మించి, అందరికీ ఉచితంగా అందించారు. కళాశాలలో భౌతికశాస్త్రం, గణితం చదివే విద్యార్థికి ఇంతకు మించిన ప్రయోగశాల అరుదు.

ఈ రంగంలో మనసును ఆకట్టుకునే ఉదంతం 'క్లిఫ్స్ ఆఫ్ డోవర్' అనే సిమ్యులేటర్‌ది. 1940లో బ్రిటన్ ఆకాశంలో జరిగిన పోరును చిత్రించే ఈ ఆట 2011లో విడుదలైంది. కానీ అది లోపాలపుట్టగా బయటికొచ్చింది. దృశ్యం తడబడేది, ఆట మధ్యలో ఆగిపోయేది. కొన్నవారు నిరాశపడ్డారు. కొంతకాలానికి తయారీదారులే దానిపై పని ఆపివేశారు. అటువంటి స్థితిలో వేర్వేరు దేశాల్లోని కొందరు అభిమానులు 'టీమ్ ఫ్యూజన్' పేరుతో ఒక్కటై, జీతం భత్యం లేకుండా ఆ ఆటను బాగుచేయడం మొదలుపెట్టారు. సంవత్సరాల తరబడి సాగిన ఆ శ్రమ చూసి, హక్కులున్న సంస్థ వారితో ఒప్పందం చేసుకున్నది. 2017 డిసెంబరులో 'బ్లిట్జ్ ఎడిషన్'గా ఆ ఆట మళ్లీ విడుదలైంది. 2020లో లిబియా ఎడారి పోరును చిత్రించే 'టోబ్రుక్' భాగం కూడా వచ్చింది. విరిగిన వస్తువును పారవేసి కొత్తది కొనడమే తెలిసిన ఈ కాలంలో, ఓపికగా కూర్చుని దానిని నిలబెట్టిన ఈ స్వభావం మన పిల్లలు నేర్చుకోదగినది.

మాడర్లలో నిజాయితీకి సంబంధించిన కట్టుబాట్లు కూడా ఉన్నాయి. ఒకరు గీసిన చిత్రాన్ని, రాసిన కోడ్‌ను మరొకరు వాడుకోవాలంటే అనుమతి కోరాలి, పేరు పేర్కొనాలి. ఫాల్కన్ 4.0ను ఔత్సాహికులు 'బీఎంఎస్' పేరుతో ఏళ్ల తరబడి ఉచితంగా మెరుగుపరుస్తూ వచ్చారు. అయినా మూల ఆటను కొన్నవారికే అది పనిచేసేలా నియమం పెట్టుకున్నారు. ఇతరుల శ్రమఫలాన్ని అమానతుగా భావించడం అంటే ఇదే. దొంగ ప్రతులను దించుకోవడం మామూలైపోయిన మన ఇళ్లలో ఈ విషయం ఒకసారి చర్చకు రావాలి.

ఈ ఆకాశపు చరిత్ర మనకు సంబంధం లేనిదని కూడా అనుకోనవసరం లేదు. బ్రిటన్ పోరులో పాల్గొన్న స్పిట్‌ఫైర్ దళాల్లో ఒకటి 152 'హైదరాబాద్' స్క్వాడ్రన్. దాని చిహ్నంపై ఉన్నది నిజాం ధరించే తలపాగా. నినాదం 'విశ్వాసపాత్రుడైన మిత్రుడు'. ఆ దళపు విమానాన్ని చిత్రించే మాడరు దాని పక్కన 'యూఎం' అనే అక్షరాలు రాయాలి. హరికేన్ విమానాలు నడిపిన 253వ దళం, బాంబర్లు నడిపిన 110వ దళం కూడా హైదరాబాద్ పేరే మోశాయి. నిజాం ఇచ్చిన ధనంతో కొన్న విమానాలకు గుర్తుగా మొదటి ప్రపంచ యుద్ధంలోనే 110వ దళానికి ఆ పేరు వచ్చింది. ఇక హైదరాబాద్‌లో పుట్టి, నిజాం కళాశాలలో చదివిన ఇద్రీస్ హసన్ లతీఫ్ రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్ వెళ్లి హరికేన్, స్పిట్‌ఫైర్ విమానాలపై శిక్షణ పొందారు. తిరిగివచ్చి బర్మా రంగంలో పనిచేశారు. 1978 నుంచి 1981 వరకు భారత వైమానిక దళాధిపతిగా సేవలందించారు. స్పిట్‌ఫైర్ నడపాలని ముచ్చటపడే పిల్లవాడికి ఈ పేరు తెలియకపోతే ఆ లోపం వాడిది కాదు, చెప్పని మనది.

ఇంతవరకు ఈ అభిరుచి నేర్పేదాన్ని చూశాం. ఇక అది దాచేదాన్ని చూద్దాం.

రివెట్టు రివెట్టునూ లెక్కపెట్టే ఈ ఆట, బాంబు పడే చోట ఉన్న మనిషిని మాత్రం లెక్కపెట్టదు. డీసీఎస్‌లో నేడు సిరియా, సీనాయ్, ఇరాక్, ఆఫ్ఘనిస్తాన్ ప్రాంతాల పటాలు లభిస్తున్నాయి. కొండలు, రహదారులు, విమానాశ్రయాలు అబ్బురపరిచేంత వాస్తవంగా ఉంటాయి. వీధుల్లో వాహనాలు తిరగవచ్చు. కానీ ఆ ఇళ్లలో కుటుంబాలు ఉండవు. బాంబు పడితే భవనం కూలుతుంది. అందులోంచి ఎవరూ బయటికి పరుగెత్తరు, ఎవరూ ఎవరినీ వెదకరు. లక్ష్యం నెరవేరిందన్న సందేశం తెరపై కనిపిస్తుంది, ఆట ముగుస్తుంది. వార్తల్లో ఆ దేశాల శరణార్థులను చూసి కన్నీరు పెట్టిన ఇంట్లోనే, అదే ఊళ్లు పిల్లవాడికి గురిచూసే స్థలాలుగా మాత్రమే పరిచయం కావడం చిన్న విషయం కాదు.

కింద ఉండటమంటే ఏమిటో తెలుగు నేలకు తెలుసు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. ఆ రోజుల్లో విశాఖ వాసులు ఇళ్లు వదిలి పల్లెలకు తరలిపోయారు. నౌక మీద నుంచి లేచిన పైలట్‌కు అది ఒక రేవు, ఒక లక్ష్యం. కింద ఉన్నవారికి అది ఇల్లు, వంట, నిద్రపోతున్న బిడ్డ. టోబ్రుక్ ఎడారిలోనూ అంతే. అక్కడ తలపడిన సైన్యాలు వెళ్లిపోయాయి. కానీ వారు పాతిన మందుపాతరలు యుద్ధం ముగిసిన దశాబ్దాల తర్వాత కూడా, ఆ యుద్ధంతో ఏ సంబంధమూ లేని పశువుల కాపరులను బలిగొన్నాయి. ఆట ముగిసే చోట అసలు యుద్ధం ముగియదు.

రెండో ప్రమాదం మన ఇంటి సెల్‌ఫోన్‌లోనే ఉంది. సిమ్యులేటర్ దృశ్యాలు ఎంత సహజంగా తయారయ్యాయంటే, వాటిని అసలు యుద్ధంగా చూపించి నమ్మించడం సులభమైంది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైన తొలి రోజుల్లో, 'కీవ్ భూతం' అనే వీర పైలట్ శత్రు విమానాన్ని కూల్చాడంటూ ఒక వీడియో ప్రపంచమంతా చుట్టింది. అది డీసీఎస్‌లో తయారైన దృశ్యం. అటువంటి పైలట్ ఒక్కడు లేడని, అది కల్పిత గాథ అని ఆ ఏప్రిల్‌లో ఉక్రెయిన్ వైమానిక దళమే ప్రకటించింది. 2023 అక్టోబరులో గాజా యుద్ధం మొదలైనప్పుడు కూడా 'ఆర్మా-3' అనే ఆటలోని దృశ్యాలు అసలు దాడులుగా చలామణి అయ్యాయి. బాధితుల పట్ల సానుభూతితోనే అయినా, అబద్ధపు దృశ్యాన్ని పదిమందికి పంపితే నష్టం బాధితులకే. రేపు నిజమైన దృశ్యం వచ్చినా లోకం నమ్మదు. ఇక్కడ సిమ్యులేటర్ తెలిసిన మన పిల్లలే ఇంటికి ఉపకారం చేయగలరు. పొగ కదిలే తీరు, కెమెరా నిలిచిన చోటు చూసి, 'ఇది ఆటలా ఉంది, పంపకండి' అని పెద్దలను ఆపగలరు.

మరి ఇంట్లో ఏం చేయాలి? నిషేధించడం సులభమైన పని, కానీ ఫలితం తక్కువ. అలాగని గది తలుపు వేసి వదిలేయడం బాధ్యత అనిపించుకోదు.

మొదట, సమయం సంగతి. ఒంటరిగా ఆడే ఆటను ఎక్కడైనా ఆపి, నమాజుకో భోజనానికో లేవవచ్చు. ఇతరులతో కలిసి ఆన్‌లైన్‌లో ఆడే ఆట ఆగదు, ఒక్కొక్క విడత గంట, రెండు గంటలు సాగుతుంది. కనుక ఏ వేళ మొదలుపెట్టాలో ముందే నిర్ణయించుకోవాలి. ఆట మధ్యలో కేకలు వేసే అవసరం అప్పుడు రాదు.

రెండోది, ఖర్చు. డీసీఎస్ వరల్డ్ మూల ఆట, అందులోని రెండు విమానాలు ఉచితం. మిగిలినవి ఒక్కొక్కటిగా కొనాలి. ఉన్నదానిని పూర్తిగా నేర్చుకున్నాకే కొత్తది అనే నియమం పెట్టుకుంటే దుబారా తప్పుతుంది.

మూడోది, చట్టం. 'వార్ థండర్' అనే ఆటలో ఒక యుద్ధ ట్యాంకు ఆకృతి తప్పుగా ఉందని వాదించడానికి, 2021లో ఒక ఆటగాడు రక్షణ శాఖ రహస్య పత్రంలోని భాగాలనే బయటపెట్టాడు. వాదనలో గెలవాలన్న పంతం ఎంతదూరం తీసుకుపోతుందో ఇది చెబుతుంది. బహిరంగంగా లభించే పుస్తకాలు, మ్యూజియంలు, విడుదలైన పాత పత్రాలు తప్ప మరే సైనిక సమాచారం జోలికీ పోరాదని పిల్లలకు స్పష్టంగా చెప్పాలి.

నాలుగోది అన్నిటికంటె ముఖ్యం. పక్కన కూర్చోండి, అడగండి. 'ఈ విమానం ఎవరిది నాయనా? ఏ ఏడాదిది? ఏ ఊరి మీద ఎగురుతున్నావు? ఆ ఊళ్లో అప్పుడు ఎవరుండేవారు?' మొదటి రెండు ప్రశ్నలకు పిల్లలు వెంటనే జవాబిస్తారు. చివరి దానికి ఆగిపోతారు. ఆ ఆగిపోవడమే కావలసింది. ఆటలో లేని మనుషులను గుర్తుచేసే పని ఏ సాఫ్ట్‌వేరూ చేయదు. అది అమ్మానాన్నలు చేయవలసిన పని.

ఆడే పిల్లలను వీలైనంత త్వరగా తయారుచేసే పిల్లలుగా మార్చండి. 'బ్లెండర్' వంటి త్రిమితీయ చిత్రరచన సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. కుమారుడైనా కుమార్తె అయినా హైదరాబాద్ స్క్వాడ్రన్ విమానాన్ని ఒక్కసారి స్వయంగా చిత్రించనివ్వండి. దాని కోసం చరిత్ర తిరగేస్తారు, కొలతలు నేర్చుకుంటారు, తప్పు దిద్దుకుంటారు. రివెట్టు విషయంలో అబద్ధాన్ని సహించని ఆ కన్నే, మనిషి విషయంలో కూడా అబద్ధాన్ని సహించకుండా పెరిగితే, ఆ అభిరుచికి మన ఇంట్లో చోటివ్వడానికి సంకోచించనవసరం లేదు.