అద్దెయిండ్ల ధరావతు

ఇల్లు చేరునప్పుడు సంతోషముతో నిచ్చిన సొమ్ము ఇల్లు విడుచునప్పుడు కలహకారణ మగుట మన పట్టణములలో నిత్యకృత్యమైనది. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణములలో అద్దెకు వచ్చువారు రెండుమూడు నెలల అద్దెను అడ్వాన్సను పేర ముందుగా చెల్లించుట వాడుక. ఆంధ్రులనేకులు ఉద్యోగార్థమై వసించు బెంగుళూరున పదినెలల యద్దె నడుగు నాచారము చిరకాలము నడచినది. ఆ ధరావతును మరల నిచ్చు దినమున గోడకు కొట్టిన మేకులు, వెలిసిన రంగు, కారుచున్న కుళాయి, పగిలిన గాజుపలక యన్నియు లెక్కకు వచ్చును. కొన్నియెడల లెక్కయే రాదు, సొమ్మును రాదు.

ఇది యల్పవిషయమని త్రోసివేయుటకు వీలులేదు. క్రొత్తయింటికి ధరావతు చెల్లించినగాని తాళపుచెవి చేతికి రాదు. పాతయింటి ధరావతు ఖాళీచేసినగాని తిరిగిరాదు. ఈ రెంటినడుమ చిక్కిన చిన్నయుద్యోగి వడ్డీకి అప్పుచేయవలసివచ్చుచున్నది. యజమానుల కష్టమును తక్కువది కాదు. జీవితకాలపు టార్జనతో నొక యిల్లు కట్టి, దాని యద్దెపై ముదిమి గడుపుకొను వారు పెక్కుమంది గలరు. రెండునెలల యద్దెయు, విద్యుత్తు బిల్లును బాకీపడి, తలుపులు విరిచి, చెప్పకయే వెడలిపోయిన వానివలన వారికి కలిగిన నష్టమును ధరావతు తప్ప వేరేది పూడ్చగలదు? కావున ధరావతు నడుగుట తప్పని మే మనము. దానిని తనసొత్తుగా నెంచుటయే తప్పు.

పరుని సొమ్మును నమ్మకముపై నుంచుకొనుట మన ధర్మశాస్త్రములకు క్రొత్తవిషయము గాదు. మనుస్మృతి పేర్కొన్న పదునెనిమిది వ్యవహారపదములలో ఋణాదానము మొదటిది, నిక్షేపము రెండవది. మితాక్షరను కేతన పదుమూడవ శతాబ్దముననే తెనిగించి, వ్యవహారధర్మమును మనభాషలోనికి దెచ్చెను. నేటి న్యాయస్థానములు ధరావతును నిక్షేపమని పిలిచినను, ఋణమని పిలిచినను, ఇచ్చినవానికి లెక్క చెప్పవలసిన సొమ్మే యనుటలో సందేహము లేదు.

ఇక నష్టమన నేది? 1882 నాటి ఆస్తి బదిలీ శాసనము 108వ విభాగమున దీనికి సమాధానము గలదు. విరుద్ధమగు కరారు లేనియెడల, అద్దెదారు తాను స్వాధీనము పొందినప్పుడున్న స్థితిలోనే యింటిని మరల నప్పగింపవలెను. అయితే న్యాయమైన వాడుకవలని యరుగుదలకును, నివారింపరాని శక్తివలని మార్పునకును వాడు బాధ్యుడు గాడు. మూడేండ్లు కాపురమున్న యింట గోడరంగు వెలియుట యరుగుదల. పిల్లవాని బంతితాకిడికి కిటికీగాజు పగులుట నష్టము. గడప యొరిసికొనుట యరుగుదల. తలుపునకు రంధ్రములు తొలిచి వదలుట నష్టము. ఈ భేదమును పాటించినచో సగము తగవులు పుట్టకయే పోవును.

అట్లుండ, రంగులకని యొకనెల యద్దెను విరిచికొనుట మన పట్టణములలో నొక యాచారముగా స్థిరపడినది. అద్దెదారు ఆరునెల లున్నను, ఆరేండ్లున్నను విరుపు మాత్ర మొక్కటియే! ఒక్క యుదాహరణము చూతము. ఇరువదివేల రూపాయలతో వేయించిన రంగు నాలుగేండ్లు నిలుచుననుకొందము. అద్దెదారు మూడేండ్లుండి గోడను పాడుచేసినను, యజమానికి నష్టమైనది మిగిలిన యొక్క యేటి రంగే, అనగా అయిదువేలు. పదునైదువేల యద్దెయింట ఒకనెల యద్దెను విరిచికొన్నచో, పదివేలు అన్యాయముగా గొన్నట్లే. రంగులఖర్చు అద్దెలో చేరియున్నదో, వేరుగ వసూలగునో ముందే తేల్చుకొనవలెను, రెండుమారులు పుచ్చుకొనరాదు.

శాసనములు మనకు కొరతపడలేదు. ఉమ్మడి మదరాసురాష్ట్రమున 1946లోను, మరల 1949లోను, హైదరాబాదు రాష్ట్రమున 1954లోను అద్దెల నియంత్రణ శాసనములు వెలసినవి. వానిస్థానమున ఆంధ్రప్రదేశమునకంతకు 1960లో ఒకే శాసనము వచ్చినది. ఇవి యుద్ధకాలపు గృహక్షామమునుండి పుట్టిన శాఖకు చెందినవి. అద్దె పెంపును, బలవంతపు ఖాళీని అరికట్టుటయే వాని ముఖ్యోద్దేశము. ఆంధ్రప్రదేశము 2017లో క్రొత్త శాసనము చేసికొన్నది. 2021 జూన్ 2వ తేదీన కేంద్రమంత్రివర్గ మంగీకరించిన నమూనా శాసనము నివాసగృహములకు రెండునెలల యద్దెకును, ఇతర కట్టడములకు ఆరునెలల యద్దెకును మించి ధరావతు గొనరాదనినది. ఇల్లు స్వాధీనము చేసికొను దినముననే, న్యాయమైన బాకీలు మినహాయించి, తిరిగి చెల్లింపవలెననినది. గోడలకు వెల్లవేయుట, తలుపులకు రంగు, గొట్టముల మార్పు యజమాని వంతు. విద్యుత్తు స్విచ్చులు, కిటికీగాజు, మురుగుకాలువ శుభ్రత అద్దెదారు వంతు. ఇది మెచ్చదగిన విభజనము. కాని యిది నమూనా మాత్రమే. రాష్ట్రములు స్వీకరించినగాని ప్రజలకు హక్కు గాదు.

మఱియొక లోపము గలదు. సొమ్ము యజమానిచేతనే యుండును. విరుపు యజమానియే నిర్ణయించును. కాదన్నచో అద్దెదారుడే న్యాయస్థానమునకు పోవలెను. ముప్పదివేల రూపాయలకై యెవడు వకీలును పెట్టి వాయిదాలు తిరుగును? ఇంగ్లండునందు 2004 గృహశాసనమున ఈ చిక్కునకు మార్గము కనుగొనిరి. 2007 ఏప్రిల్ నుండి యజమాని ధరావతును ప్రభుత్వామోదితమైన రక్షణపద్ధతిలో చేర్పవలెను. చేర్పనిచో దానికి మూడురెట్లవరకు చెల్లింపవలసియుండును. ఆస్ట్రేలియాలోని న్యూసౌత్‌వేల్సున 1977 నుండియే ధరావతుల నుంచుకొనుటకొక మండలి గలదు. పరదేశపు మంచిని గ్రహించుట జాతిగౌరవమునకు లోపము గాదు. తగవుపడు నిరువురిలో నొకడే న్యాయాధిపతిగ నుండరాదనుట మన పంచాయతీలకు తెలియని నీతియు గాదు.

కావున మా సూచన లివి. ఇల్లప్పగించు దినముననే గదులవారీగా జాబితా వ్రాసి, ఛాయాచిత్రములు తీసి, ఇరువురును సంతకములు చేయవలెను. నేటి కరారుకాగితములలో అద్దె చెల్లించు తేదీ యుండునుగాని, యింటి స్థితినిగూర్చి యొక్క పంక్తియు నుండదు. ప్రతివిరుపునకు ఖర్చు రసీదు చూపవలెను. నష్టమును నిరూపించుభారము విరిచినవానిదే కావలెను. ధరావతులను బ్యాంకులలో ప్రత్యేకముగ నుంచు నేర్పాటును, అరువదిదినములలో తీర్పుచెప్పు స్థానికాధికారిని ప్రభుత్వములు కల్పింపవలెను. అద్దెదారులును కడపటినెలల యద్దెను ధరావతులో చెల్లువేసికొమ్మని యెగవేయు నలవాటును మానవలెను. నేటి యజమాని యనుమానమునకు సగము కారణ మదియే.

మా పాఠకులలో నిండ్లు గలవారు పెక్కుమంది గలరు. శాసనము వచ్చువరకు వారు వేచియుండనక్కరలేదు. జాబితా వ్రాయుటకు రూపాయి ఖర్చు లేదు. లెక్కచెప్పి సొమ్ము తిరిగి యిచ్చుటకు ప్రభుత్వపు టనుమతి యక్కరలేదు. స్వరాజ్యమన రాజధానిలోని పరిపాలన మాత్రమే కాదు. ఇరుగుపొరుగుల నడుమ న్యాయము న్యాయస్థానము నెక్కకయే నడచుటయు స్వరాజ్యమే.