చమురు పడిన చేలు

కోనసీమ పొలముల క్రిందుగా చమురు గొట్టములు పోవుచున్నవి. గొట్టము పగిలి ముడిచమురు చేనిలో పడినపుడు, పైన నాలుగు బండ్ల మట్టి కప్పి నష్టపరిహారమిచ్చిన చాలునను వాదమును మేమంగీకరింపజాలము. కప్పిన మట్టి క్రింద గాలి యాడదు. గాలి లేనిచో చమురు చిరకాలము నిలుచును.

చమురును తిని బ్రదుకు సూక్ష్మజీవులు, బాక్టీరియా యనునవి, నేలలోనే కలవు. పైరునకు వలెనే వానికిని నత్రజని, భాస్వరము, తేమ కావలయును. 1989లో అలాస్కా తీరమున ఎక్సాన్ వాల్డీజ్ ఓడనుండి చమురు ఒలికినపుడు, ఒడ్డున ఎరువు చల్లగా అచ్చటి జీవులే త్వరితముగా పనిచేసినవి. మన దేశమున టెరి సంస్థవారు ఇట్టి జీవుల మిశ్రమమును ఆయిల్‌జాపర్ అను పేర సిద్ధపరచిరి.

నీటిపై నిలిచిన చమురును ముందు తోడివేయవలెను; ఆ నీటిని కాలువకు వదలరాదు. పిదప పలుమారు దున్ని, ఎరువు వేసి, నెలల తరబడి వేచియుండవలెను. దున్నకపు కూలియు, పోయిన పంటల వెలయు ఒలికించినవారే భరింపవలెను. చమురుతో ఉప్పునీరు కూడ వచ్చినచో, ఉప్పును ఈ జీవులు తినవు. దాని సంగతి వేరుగా వ్రాయించుకొనవలెను. మట్టి పరీక్షాఫలితము చేతికి రాకమునుపు మన సభ్యులెవ్వరును రాజీపత్రముపై సంతకము చేయవలదు.