వాళ్లు చదివితే సంస్కరణ, మనం చదివితే ఖర్చు

హైదరాబాద్ గన్‌ఫౌండ్రీలో ఉన్న మహబూబియా బాలికల పాఠశాల 1907లో మొదలైంది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు దానికి పెట్టారు. అమీనా హైదరీ వంటి ఉన్నత కుటుంబాల స్త్రీలు దాని కోసం పూనుకున్నారు. ఫ్లోరెన్స్ వైల్డ్ అనే ఇంగ్లీషు మహిళ ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. అక్కడ చదివింది నవాబుల, జాగీర్దార్ల, పెద్ద ఉద్యోగుల కూతుళ్లు. ఇవాళ అది సర్కారు బడి. దాని గురించి వచ్చే కథనాలు ఎక్కువగా పాత వైభవాన్ని తలుచుకుని, పాడైన కట్టడాన్ని చూసి నిట్టూరుస్తాయి. మనం అడగాల్సిన ప్రశ్న వేరు. ఆడపిల్లల చదువు కోసం రాజ్యం ఎవరి దగ్గరికి ఎంత దూరం నడిచి వెళ్లింది? ఎవరు వచ్చేసరికి ఆగిపోయింది?

ఆనాటి ఏర్పాట్లు చూడండి. దొరల ఇళ్లలో పరదా ఉంది కాబట్టి బడి కూడా పరదా పాటించింది. ముసుగు తీస్తేనే చదువు చెబుతామని ఎవరూ అనలేదు. ఇంగ్లండు బడుల పద్ధతిలో ఇంగ్లీషు చదువు చెప్పారు. మాతృభాష ఏమైపోతుందని ఎవరూ దీక్షలకు కూర్చోలేదు. పిల్లలు తక్కువమందే కదా, ఇంత ఖర్చెందుకని లెక్కలు తీయలేదు. చరిత్ర పుస్తకాలు దీన్ని సంస్కరణ అన్నాయి. అనడంలో తప్పు లేదు. ఆడపిల్ల ఉన్నచోటికి బడే కదిలి వెళ్లాలన్న సూత్రం సరైనదే. ఆ సూత్రం అందరికీ వర్తించకపోవడమే తప్పు.

ఆడపిల్లల బడికి ఇంకో వంశావళి ఉంది. 1848లో పుణెలోని భిడేవాడలో జోతిబా, సావిత్రీబాయి ఫూలేలు బాలికల కోసం బడి తెరిచారు. ఆ తర్వాత అంటరానివారిగా చూడబడిన మహర్, మాంగ్ పిల్లలకూ బడులు పెట్టారు. ఫూలేల బడిలో చదివిన మాంగ్ బాలిక ముక్తా సాల్వే 1855లో తన జనం పడుతున్న బాధల మీద రాసిన వ్యాసం జ్ఞానోదయ పత్రికలో అచ్చయింది. మహబూబియా పుట్టడానికి యాభై ఏళ్ల ముందే ఒక దళిత బాలిక రాజ్యాన్నీ మతాన్నీ నిలదీసిందన్నమాట. హైదరాబాద్‌లోనూ 1910 నుంచి భాగ్యరెడ్డి వర్మ ఆది హిందువుల పిల్లల కోసం బడులు నడిపారు. ఒకే నగరంలో మూడేళ్ల తేడాతో రెండు రకాల బడులు వచ్చాయి. ఒకదానికి పాలకుడి పేరు, అండ దొరికాయి. రెండోదాన్ని పేద జనం, వాళ్ల నాయకులు కష్టపడి నిలబెట్టుకున్నారు.

సంస్థానం పోయింది, రాజ్యాంగం వచ్చింది. రెండు దారులూ సర్కారు బడిలో కలిశాయి. డబ్బున్నవాళ్లు తమ పిల్లల్ని కాన్వెంట్లకూ కార్పొరేట్ స్కూళ్లకూ తీసుకుపోయారు. ఇప్పుడు ఏ పట్నంలో ప్రభుత్వ బాలికల ఉన్నత పాఠశాలకు వెళ్లినా కనిపించేది ఎక్కువగా దళిత, ఆదివాసీ, బీసీ, పేద ముస్లిం కుటుంబాల పిల్లలే. తల్లి ఇళ్లల్లో పనికి పోతే తమ్ముణ్ని తయారు చేసి, నీళ్లు పట్టి, ప్రార్థన గంట కొట్టే వేళకు పరుగున వచ్చే పిల్లలు వాళ్లు. మధ్యాహ్న భోజనం వాళ్లకు ఆ రోజుకి మొదటి పూర్తి భోజనం కావచ్చు. మరుగుదొడ్డిలో నీళ్లు లేకపోతే నెలకు కొన్ని రోజులు బడి పోతుంది. సాయంత్రం స్పెషల్ క్లాసు ఉంటే ఇంటికి ఎలా చేరాలన్న భయం మొదలవుతుంది. ఇంట్లో పదో తరగతి దాకా వచ్చిన మొదటి మనిషి తనే కావడం వల్ల, తెలియని లెక్క అడగడానికి బడి తప్ప వేరే చోటు ఉండదు.

ఈ పిల్లలు వచ్చాకే పాత సూత్రాలన్నీ తిరగబడ్డాయి. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం తెస్తామనగానే మాతృభాష మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. తమ పిల్లల్ని ఇంగ్లీషు మీడియంలో చదివించుకునేవాళ్లే పేదల పిల్లలకు తెలుగు చాలన్నారు. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వుల్ని కొట్టేసింది. తెలుగు బతకాలి, సరే. దాన్ని బతికించే భారం మొత్తం సర్కారు బడి పిల్ల మీదే ఎందుకు పెట్టాలి?

పరదా సంగతీ అంతే. 1907లో బడే పరదాకు తగ్గట్టు తనను మలుచుకుంది. 2021 చివర్లో ఉడుపి ప్రభుత్వ బాలికల పీయూ కళాశాలలో తలకు గుడ్డ చుట్టుకున్న ముస్లిం అమ్మాయిల్ని తరగతిలోకి రానివ్వలేదు. 2022 మార్చిలో కర్ణాటక హైకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. అదే ఏడు అక్టోబరులో సుప్రీంకోర్టు ధర్మాసనం రెండుగా చీలింది. ఆడపిల్ల ఏం కట్టుకోవాలన్న వాదన ఎక్కడైనా చేసుకోవచ్చు. ఆ వాదన తేలేదాకా ఆమె చదువు గేటు బయట నిలబడకూడదు.

అన్నిటికంటే పెద్ద గోడ చట్టంలోనే ఉంది. 2010 నుంచి అమలవుతున్న విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వరకే వర్తిస్తుంది. అంటే ఎనిమిదో తరగతి దాటగానే చదువు హక్కుగా ఉండదు, పథకంగా మారుతుంది. కేంద్రం ఇచ్చే మధ్యాహ్న భోజనం నిధులూ అక్కడే ఆగుతాయి. 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో 75 శాతం సీట్లు ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మైనారిటీ బాలికలకే కేటాయించారు. కేంద్ర పథకంగా వాటిని పన్నెండో తరగతి వరకు పెంచడానికి 2018 దాకా ఆగాల్సి వచ్చింది. నేటికీ అక్కడ పాఠాలు చెప్పేది కాంట్రాక్టు టీచర్లే. అమ్మాయికి పెళ్లి సంబంధాలు రావడం మొదలయ్యేది కూడా సరిగ్గా ఈ వయసులోనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకముందే పెళ్లయినవాళ్లు దేశంలో 23 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29 శాతం. చట్టం చెయ్యి వదిలేచోట పెళ్లి పీట ఎదురు చూస్తోంది.

పిల్లలు తగ్గారు కాబట్టి బడులు కలిపేస్తే తప్పేమిటని అధికారులు అడుగుతారు. కాగితం మీద రెండు బడులు ఒకటవుతాయి. ఊళ్లో మాత్రం దారి పెరుగుతుంది. మగపిల్లాడికి అది సైకిల్ తొక్కే దూరం. ఆడపిల్లకు అది ‘ఇక చాలు, ఇంట్లో ఉండు’ అనే మాట. పిల్లలు ఎందుకు తగ్గారో అడగకుండా, టీచర్లను నింపకుండా, బస్సు వేయకుండా బడి మూసేస్తే దాన్ని పొదుపు అనలేం.

అంబేడ్కర్‌కు ఈ సంగతి బాగా తెలుసు. బడిలో సీటొక్కటే ఇస్తే చాలదని, ఉండడానికి చోటు, తినడానికి తిండి కావాలని బహిష్కృత హితకారిణీ సభ ద్వారా 1925లో షోలాపూర్‌లో హాస్టల్ తెరిపించారు. ఆ బాటలో అడగాల్సినవి నేడు స్పష్టంగానే ఉన్నాయి. విద్యాహక్కును 18 ఏళ్ల వరకు పెంచాలి. ప్రతి మండలంలో బాలికలకు పన్నెండో తరగతి వరకు హాస్టల్‌తో కూడిన బడి, రెగ్యులర్ టీచర్లు ఉండాలి. బాలికల బడిని మూసే ముందు ఆ పిల్లల తల్లుల సమ్మతి తీసుకోవాలి. విశ్వవిద్యాలయాల్లో ఉన్న మనం రోహిత్ కోసం, రిజర్వేషన్ల కోసం వీధుల్లోకి వచ్చాం. తొమ్మిదో తరగతిలోనే ఆగిపోయిన చెల్లెళ్లు మన క్యాంపస్ దాకా రానేలేదు. వాళ్ల బడి కోసం కూడా మన పోస్టర్ మీద ఒక వాక్యం ఉండాలి.