కాలం కలిసిరావాలన్న సాకు

నలుగురూ ఒప్పుకోని మాటను ఎప్పుడు చెప్పాలన్న ప్రశ్నకు తెలుగు సమాజం దగ్గర ఎప్పటినుంచో సిద్ధంగా ఉన్న సమాధానం ఒకటే: కాలం కలిసివచ్చినప్పుడు చెప్పాలి, అంతవరకు నలుగురితో నారాయణ అనాలి. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్న సామెత ఈ సమాధానానికి ఎగతాళిని, యథార్థవాది లోకవిరోధి అన్న నానుడి హెచ్చరికను సమకూర్చగా, అప్రియమైన సత్యాన్ని పలకరాదన్న మనుస్మృతి విధి దానికి శాస్త్రగౌరవం కూడా కట్టబెట్టింది. ఈ అభిప్రాయం తనను పిరికితనమని ఎన్నడూ చెప్పుకోదు. లౌక్యమని చెప్పుకుంటుంది, వివేకమని చెప్పుకుంటుంది, ఇంకొంచెం ముందుకు పోయి, తొందరపడి నోరు తెరిచినవాడు తాను దెబ్బతినడమే కాక తన పక్షాన్నీ దెబ్బతీస్తాడు గనుక మౌనమే ఆ పక్షానికి చేసే మేలు అని కూడా వాదిస్తుంది. మిగిలినవి భయానికి పెట్టుకున్న మంచి పేర్లు. పరిశీలించవలసినది ఈ చివరి వాదం ఒక్కటే.

కాలం దానంతట అదే పండుతుందన్న నమ్మకం ఈ వాదానికి పునాది. ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో తేల్చడానికి తెలుగువారు దూరం పోనవసరం లేదు, ఈ వ్యాసంలోని క్రియాపదాలే అందుకు సాక్ష్యం చెబుతాయి. ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో బడిలో, పరీక్షలో, పుస్తకంలో చెల్లుబాటయ్యేది గ్రాంథికం, అంటే కావ్యప్రయోగాల ఆధారంగా చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో కూర్చిన నియమాలకు కట్టుబడిన భాష. ఇంట్లో చేస్తున్నాడు అనే పిల్లవాడు పలక మీద చేయుచున్నాడు అని రాయవలసిందే. శిష్టులు, అనగా చదువుకున్నవారు, నిత్యం మాట్లాడే వ్యావహారికానికి కూడా రచనలో చోటుండాలని గిడుగు వేంకట రామమూర్తి, గురజాడ అప్పారావు వాదించినప్పుడు పండితలోకంలో అత్యధికులు వారికి ఎదురు నిలిచారు. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, దానికి పెద్ద దిక్కుగా నిలిచిన జయంతి రామయ్య పంతులు, వారి వెనుక ఉన్న జమీందారుల ప్రాపకం అన్నీ ఒక పక్షాన చేరాయి. మద్రాసు విశ్వవిద్యాలయం నియమించిన సంఘంలో సభ్యుడిగా గురజాడ 1914లో భిన్నాభిప్రాయ పత్రం, అంటే అధిక సంఖ్యాకుల నిర్ణయాన్ని తాను ఎందుకు అంగీకరించడం లేదో వివరించే నివేదిక, సమర్పించినా నిర్ణయం ఆయనకు వ్యతిరేకంగానే వెలువడింది. మరుసటి సంవత్సరం ఆయన కన్నుమూశారు. లౌక్యుల లెక్క ప్రకారం ఇది అకాలంలో నోరు తెరిచి ఓడిపోయిన మనిషి కథ.

ఆ లెక్క తప్పని తరువాతి సంవత్సరాలు చూపించాయి. 1919లో రామమూర్తి 'తెలుగు' అనే మాసపత్రికను నడిపారు. అదే సంవత్సరం రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడినప్పుడు దానికి అధ్యక్షుడిగా నిలిచినవారు కందుకూరి వీరేశలింగం. చిన్నయసూరి వదిలిపెట్టిన పంచతంత్ర భాగాలను, సంధిని విగ్రహాన్ని, గ్రాంథికంలో పూర్తిచేసిన రచయితగా ఆ శైలికి అంతటి ప్రతిష్ఠ తెచ్చినవారిలో ఒకరైన వీరేశలింగం, జీవితపు చివరి నెలల్లో ఈ పక్షానికి రావడం కాలమహిమ కాదు, ఎదుటివారు ఏళ్ల తరబడి వాదించిన ఫలితం. వ్యావహారికంపై పెట్టిన నిషేధాన్ని 1924లో కాకినాడలో ఎత్తివేసినది కూడా, దాన్ని అడ్డుకోవడానికి నడుం కట్టిన ఆ పరిషత్తే. రామమూర్తీ ఆయన మిత్రులూ కాలం కోసం కాచుకుని కూర్చుని ఉంటే ఆ కాలాన్ని తెచ్చేవారు ఎవరన్నది లౌక్యులు చెప్పవలసిన విషయం.

ఇంతకూ నలుగురి అభిప్రాయం అన్నది ఏమిటి? జర్మనీకి చెందిన ప్రజాభిప్రాయ పరిశోధకురాలు ఎలిజబెత్ నోయెల్-నాయ్‌మన్ 1974లో మౌనపు సుడి అనదగిన సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు: తమ అభిప్రాయం అల్పసంఖ్యాకులదని తోచినవారు ఒంటరితనానికి జంకి ఊరుకుంటారు, వారు ఊరుకోవడం వల్ల ఎదుటి పక్షం ఉన్నదానికంటే పెద్దదిగా కనబడుతుంది, అది చూసి ఇంకొందరు ఊరుకుంటారు. తెలుగు భాషావివాదంలో ఇందుకు సరిపోయే విడ్డూరం ఒకటుంది. గ్రాంథికాన్ని సమర్థించిన పండితులు ఇంట్లో భార్యాబిడ్డలతో మాట్లాడినది వ్యావహారికమే. అంటే సభలో కనిపించిన ఏకాభిప్రాయానికి సభ్యుల నిత్యజీవితమే ఎదురుసాక్ష్యం. మౌనంగా ఉన్నవాడు తటస్థంగా ఉన్నానని అనుకుంటాడు గానీ, లెక్కలో అతని తల ఎదుటి పక్షం వైపే పడుతుంది.

అయితే ఎదురు చెప్పడమే ఘనత అనుకోవడం కూడా పొరపాటే. రామమూర్తి బలం ధిక్కారంలో లేదు, ఆధారాల్లో ఉంది. పాత వచన గ్రంథాలను గాలించి వాడుక రూపాలు పూర్వులకు నిషిద్ధం కావని చూపారు, గ్రాంథికవాదులు తమ సొంత రచనల్లోనే తమ వ్యాకరణాన్ని ఎక్కడెక్కడ తప్పారో పట్టి చూపారు. ఆ శ్రమ పడకుండా జనం కోపాన్నే తమ మాటకు రుజువుగా చూపించుకునేవారికి ఆయన పేరు వాడుకునే హక్కు లేదు.

మూల్యం సంగతి ఇంతకంటే చిక్కైనది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించిన వీరేశలింగానికి వెలి తప్పలేదు. కానీ ఆయనకు జీతం వచ్చే ఉద్యోగం, సొంత పత్రిక, కాకినాడలో పైడా రామకృష్ణయ్య వంటి ధనికుడి అండ ఉన్నాయి. ఆ వెలిని అంతే భరించిన ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మకు ఇలాంటి ఆసరాలు ఎన్ని ఉన్నాయో లెక్కించినవారు తక్కువ. రేపటి కూలి మేస్త్రీ దయ మీద ఆధారపడిన మనిషి నోరు మెదపకపోతే దాన్ని పిరికితనం అనడం అన్యాయం. విచిత్రమేమిటంటే, కాలం కలిసిరావాలన్న ఉపదేశం ఎక్కువగా వినిపించేది అటువంటివారి నోట కాదు. పింఛను ఖాయమైన ఆచార్యుడు, పదవి పోయినా ఆస్తి పోని నాయకుడు, పలుకుబడి గల సంపాదకుడు ఈ మాటను తరచుగా చెబుతారు. నష్టాన్ని తట్టుకోగల స్తోమత ఉన్నవాడు ఊరుకోవడమే అసలు నేరం, ఎందుకంటే అతడు దాచుకున్న మాటను అతనికంటే బలహీనుడు పదిరెట్లు మూల్యం చెల్లించి చెప్పవలసి వస్తుంది.

సవర భాష నేర్చుకోవడానికి కొండల్లో తిరిగిన రోజుల్లో పట్టుకున్న మలేరియాకు వాడిన క్వినైన్ వల్ల రామమూర్తికి చెవుడు వచ్చింది. సభల్లో కేకలు ఆయనకు సరిగా వినబడి ఉండవని పరిహాసమాడవచ్చు గానీ, అచ్చులో వచ్చిన ఆక్షేపణలను ఆయన చదవకుండా వదలలేదు, చాలావాటికి సమాధానం రాయకుండానూ వదలలేదు. 1940 జనవరి 22న మరణించడానికి కొద్ది రోజుల ముందు కూడా పత్రికా సంపాదకులకు ఇదే విషయం విన్నవించుకున్నారు, అప్పటికింకా విశ్వవిద్యాలయాలు ఆయన మాటను పూర్తిగా ఒప్పుకోలేదు. ఆయన పుట్టిన ఆగస్టు 29వ తేదీని ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతున్నారు. ఆ సభల్లో గ్రాంథికంలో ప్రసంగించేవారు కనబడరు.