పిల్లికూనలు తల్లిదగ్గర ఎన్నాళ్లుండాలి?

బాలలూ,

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఒక చెల్లాయిది నన్ను తొందరపెట్టింది. "అన్నయ్యా, మా ధాన్యపు బస్తాల వెనక పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టింది. అవి కళ్లు తెరిచి వారమైంది. ఆదివారంనాడు నాన్నగారు వాటిని గోనెసంచిలో వేసి సంతదగ్గర వదిలేస్తారట. ఒకదాన్ని నన్ను వుంచుకోమన్నారు. మిగిలిన మూడూ బతుకుతాయా?" అని రాసింది.

ఆదివారంలోపల ఈ పత్రిక వాళ్ల ఊరు చేరదు. అంచేత "బతకవమ్మా, నాన్నగారిని ఆపు" అని అప్పుడే కార్డు రాసి పడేశాను. కాని అలాంటి సంచులు ఇంకా ఎన్ని ఇళ్లలో సిద్ధంగా వున్నాయో! అందుకని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మీ అమ్మగారికీ, నాన్నగారికీ కూడా చదివి వినిపించండి.

పిల్లికూన పుట్టినప్పుడు సుమారు నూరుగ్రాములు తూగుతుంది. చెవులు వినపడవు, కళ్లు కనపడవు. వారం పదిరోజులకు కళ్లు తెరుచుకుంటాయి. అంటే చెల్లాయి చెప్పిన కూనలకు పదిహేడు రోజులో, పద్దెనిమిది రోజులో అన్నమాట. ఆ వయసుకి ఒంట్లో వేడిని కూడా అవి సరిగా నిలుపుకోలేవు. తల్లి పొట్టే వాటికి దుప్పటి. ఇంకో చిత్రం చూడండి: పసికూన తనంతట తాను ఒంటికి, రెంటికి పోలేదు. తల్లి నాలుకతో నాకితేనే అది జరుగుతుంది. మూడువారాలు దాటాకగాని ఆ పని సొంతంగా చేతకాదు.

"మేం పాలు పోస్తాంగా!" అంటారు మీరు. నేనూ అలాగే అన్నాను. నాకు ఎనిమిదేళ్లప్పుడు, చారలున్న ఒక కూనను తల్లి లేని సమయం చూసి ఎత్తుకొచ్చాను. అట్టపెట్టెలో గుడ్డలు పరిచి, చిక్కటి గేదెపాలు దూదితో పట్టాను. మర్నాటికి విరేచనాలు పట్టుకున్నాయి. మూడోనాడు పొద్దున అది లేవలేదు. పాలలో వుండే చక్కెర పిల్లికూనకు సరిగా అరగదని నాకేం తెలుసు? పిల్లిపాలలో మాంసకృత్తులు ఆవుపాలలోకంటే సుమారు రెట్టింపు వుంటాయి. తల్లి చనిపోయిన కూనలకోసం వేరే పాలపొడి దొరుకుతుంది. దాన్ని పశువైద్యుణ్ణి అడిగి తెచ్చుకోవాలి.

నాలుగోవారంలో కూన మెత్తటి తిండి నాకడం మొదలెడుతుంది. ఎనిమిదోవారానికి పాలు దాదాపు మానేస్తుంది. "ఇంకేం, పంపేద్దాం" అంటారు పెద్దలు. పాలు మానినంత మాత్రాన చదువు పూర్తయినట్టు కాదు! తల్లి మొదట చచ్చిన ఎలుకను తెచ్చి ముందు పడేస్తుంది, తరవాత కొనవూపిరితో వున్నదాన్ని తెస్తుంది. తోబుట్టువులతో కుస్తీ పట్టేటప్పుడు ఒకటి గట్టిగా కొరికితే రెండోది కీచుమని ఆట మానేస్తుంది. ఎంత కొరకవచ్చునో కూన అక్కడే నేర్చుకుంటుంది. ఈ పాఠం తప్పిపోయిన పిల్లి మీ చేతులమీద నేర్చుకుంటుంది!

ఫిన్లండులో హెల్సింకి విశ్వవిద్యాలయంవారు ఇంచుమించు 5,700 పిల్లుల సంగతులు సేకరించి 2017లో ప్రకటించారు. ఎనిమిది వారాలు నిండకుండా తల్లిని విడిచినవాటిలో కరిచే, రక్కే గుణం ఎక్కువ కనిపించిందట. పద్నాలుగు వారాలదాకా వుంచితే మేలని వారి సలహా. నన్నడిగితే పన్నెండు వారాలు వుంచండి. ఎనిమిదికి ముందుమాత్రం ఎవరడిగినా ఇవ్వకండి.

అన్నాళ్లూ తల్లిదగ్గరే వుంటే మీకు మచ్చిక కాదని భయపడవద్దు. రెండోవారంనించి ఏడోవారందాకా మనుషులను నేర్చుకునే వయసు. రోజూ కాసేపు, తల్లి చూస్తూవుండగానే, ఒళ్లో పెట్టుకుని నిమరండి. మనిషి వాసన తగిలితే తల్లి వదిలేస్తుందంటారుగాని, మీరు తెలిసిన ఇంటిపిల్లి అలా చెయ్యదు. అయితే వీధిలో పిల్లలందరూ గుంపుగా వచ్చి అల్లరిచేస్తే కూనల్ని నోట కరుచుకుని మరోచోటికి పోతుంది. పిల్లి ఏడిళ్లు తిప్పుతుందన్న మాట ఊరికే పుట్టిందా!

నాన్నగారి చిక్కూ నాకు తెలుసు. ఇవి వెళ్లగానే అది మళ్లీ నాలుగు పెడుతుంది. పశువైద్యశాలలో తల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేస్తారు. ఒక్క ప్రయాణంతో తీరిపోతుంది. కూనలకు టీకాల సంగతీ అక్కడే కనుక్కోవచ్చు.

చెల్లాయీ, గోడమీది కాలెండరులో కూనలు పుట్టిన రోజునించి ఎనభైనాలుగు రోజులు లెక్కపెట్టి గుర్తు పెట్టుకో. ఈలోగా మిగిలిన మూడింటికీ మంచి ఇళ్లు వెతుకు. ఎలుకల బాధ వున్న ఇళ్లు మీ ఊళ్లో మూడుండవా? ఇంకో పని. ఇప్పుడు నాలుగింటి కళ్లూ నీలంగా వుంటాయి. ఆరేడు వారాలకు రంగు మారడం మొదలవుతుంది. దేనికి ఏ రంగు వచ్చిందో చూసి నాకు రాయి.

మీ
అన్నయ్య